బీఎస్సీ నర్సింగ్ ప్రవేశ పరీక్ష: దరఖాస్తు నుండి సీటు వరకు

ప్రత్యేక వ్యాసం

నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ కోర్సులో ప్రవేశానికి ఇంటర్మీడియట్ మార్కులే ప్రాతిపదికగా ఉన్న కాలం ముగిసింది. భారత నర్సింగ్ కౌన్సిల్ రూపొందించిన 2020 నాటి సవరించిన నిబంధనలు 2021లో కేంద్ర ప్రభుత్వ గెజిట్‌లో వెలువడినప్పటి నుండి ఈ కోర్సుకు ప్రవేశ పరీక్ష తప్పనిసరి అయినది. ఇందుకు అనుగుణంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండూ ఈఏపీసెట్ బైపీసీ విభాగంలో సాధించిన ర్యాంకును బీఎస్సీ నర్సింగ్ కన్వీనర్ కోటా సీట్ల భర్తీకి ఆధారంగా తీసుకున్నాయి.

అయితే ఈ మార్పు పట్టణాల్లోని కార్పొరేట్ కళాశాలలకు చేరినంత వేగంగా మండల కేంద్రాల్లోని ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు, గిరిజన ప్రాంతాలకు చేరలేదు. "నర్సింగే కదా, ఇంటర్ మార్కులు చాలు" అన్న మాట నేటికీ వినబడుతూనే ఉన్నది. ఆ మాట నమ్మి ఈఏపీసెట్‌కు దరఖాస్తు చేయని విద్యార్థిని, ఇంటర్మీడియట్‌లో 900 పైబడి మార్కులు తెచ్చుకున్నప్పటికీ, కన్వీనర్ కోటా కౌన్సెలింగ్ సమయానికి చూపడానికి ర్యాంకు లేక వెనుదిరగవలసి వస్తుంది. తరువాతి అవకాశం మళ్లీ ఏడాదికే. పేద కుటుంబాల్లో ఆ ఏడాది విరామం చాలాసార్లు చదువుకే విరామమవుతుంది. ఈ విషయంపై వార్తలు రాసే విలేకరులకు, ధ్రువపత్రాలు జారీచేసే అధికారులకు, విద్యార్థులకు సలహా చెప్పవలసిన ప్రిన్సిపాళ్లకు ఉపయోగపడునట్లు పరీక్ష స్వరూపం, సన్నద్ధత, పరీక్ష నాటి జాగ్రత్తలు, ఆ తరువాతి ప్రక్రియ ఈ వ్యాసంలో పొందుపరచబడినవి.

ఏ కోర్సుకు పరీక్ష, ఏ కోర్సుకు కాదు

నర్సింగ్ విద్యలో పలు అంచెలున్నాయి. ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. జీఎన్ఎం పూర్తిచేసినవారు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ద్వారా డిగ్రీ పొందవచ్చును. జీఎన్ఎంకు ఏ గ్రూపుతో ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులైనవారైనా అర్హులే. బీఎస్సీ నర్సింగ్‌కు మాత్రం భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివి ఉండాలి. పత్రికల్లో "నర్సింగ్ ప్రవేశాలు" అని ఒకే శీర్షిక కింద ఈ కోర్సులన్నింటినీ కలిపి రాసినప్పుడు పాఠకులు తికమకపడుతున్నారు. కోర్సు పేరును శీర్షికలోనే స్పష్టంగా ఇవ్వడం మేలు.

ఇటువంటిదే మరొక గందరగోళం ఎయిమ్స్ విషయంలో ఏర్పడుతున్నది. ఎయిమ్స్ నిర్వహించే నార్‌సెట్ అనేది నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాల నియామకానికి 2020లో ప్రారంభమైన పరీక్ష. దానికి, ఎయిమ్స్ బీఎస్సీ ఆనర్స్ నర్సింగ్ ప్రవేశ పరీక్షకు సంబంధం లేదు. ఒకటి కోర్సు పూర్తిచేసినవారికి, రెండవది కోర్సులో చేరదలచినవారికి.

అర్హత

నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అభ్యర్థికి ప్రవేశం పొందే సంవత్సరం డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండి ఉండాలి. ఇంటర్మీడియట్ లేదా తత్సమాన పరీక్షలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలలో మొత్తం మీద 45 శాతం మార్కులతో ఉత్తీర్ణత, ఇంగ్లిషులో ఉత్తీర్ణత ఉండాలి. షెడ్యూల్డ్ కులాలు, షెడ్యూల్డ్ తెగల అభ్యర్థులకు 5 శాతం సడలింపు కలదు. అభ్యర్థి శారీరకంగా ఆరోగ్యవంతులై ఉండాలి. బ్రిడ్జి కోర్సు చదివిన ఒకేషనల్ విద్యార్థులు, ఓపెన్ స్కూల్ విద్యార్థులు తమ అర్హతను ఆ ఏటి నోటిఫికేషన్‌తో సరిచూసుకొనవలెను.

వయస్సు నిబంధనను తేలికగా తీసుకోరాదు. బడిలో చిన్న వయసునే చేర్చిన పిల్లలు కొందరు ఇంటర్ పూర్తయ్యేనాటికి ఈ గడువుకు కొద్ది రోజుల దూరంలో ఆగిపోతుంటారు. పదవ తరగతి ధ్రువపత్రంలోని పుట్టిన తేదీయే ప్రమాణం. ఆధార్ కార్డులో వేరే తేదీ ఉన్నచో దరఖాస్తుకు ముందే సరిచేయించుకొనడం అవసరం.

పరీక్ష స్వరూపం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్ 1986లో ప్రారంభమైనది. 2017 నుండి ఎంబీబీఎస్, బీడీఎస్ ప్రవేశాలు నీట్ పరిధిలోకి వెళ్లిపోయాయి. పేరులోని వైద్యం వెళ్లిపోయి, దాని స్థానంలో ఫార్మసీ చేరి, ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుండి, తెలంగాణలో 2024 నుండి ఈ పరీక్ష ఈఏపీసెట్‌గా వ్యవహరించబడుతున్నది. వైద్య విద్య వెళ్లిపోయిన పరీక్షలోకి నర్సింగ్ విద్య వచ్చి చేరడం ఒక విశేషం. పేరులో ఎక్కడా నర్సింగ్ అన్న మాట లేకపోవడమే గ్రామీణ విద్యార్థులు ఈ పరీక్షను తమది కాదనుకొనడానికి ఒక కారణం కావచ్చును.

రెండు రాష్ట్రాల్లోనూ 2018 నుండి ఇది కంప్యూటర్ ఆధారిత పరీక్ష. బైపీసీ విభాగంలో మూడు గంటల వ్యవధిలో 160 బహుళైచ్ఛిక ప్రశ్నలకు సమాధానాలు గుర్తించవలసి ఉంటుంది. ప్రశ్నకు ఒక మార్కు. వృక్షశాస్త్రం 40, జంతుశాస్త్రం 40, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40 ప్రశ్నలుగా విభజన ఉంటున్నది. తప్పు సమాధానానికి మార్కుల కోత లేదు. ప్రశ్నలు ఇంగ్లిషుతోపాటు తెలుగులోనూ కనిపిస్తాయి. తెలంగాణలో ఉర్దూను ఎంచుకొనే వీలు కూడా ఉన్నది. అర్హత మార్కులు 25 శాతం, అనగా 160కి 40. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కనీస అర్హత మార్కుల నిబంధన లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈఏపీసెట్‌లో అర్హత పొందడం, నర్సింగ్ కౌన్సెలింగ్‌కు అర్హత పొందడం ఒకటే అని భావించరాదు. కౌన్సెలింగ్‌కు కావలసిన కనీస అర్హతను ఆరోగ్య విశ్వవిద్యాలయం తన నోటిఫికేషన్‌లో విడిగా ప్రకటిస్తుంది.

ర్యాంకు లెక్కించే విధానంలో రెండు రాష్ట్రాల మధ్య తేడా ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో పరీక్ష మార్కులకు 75 శాతం, ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇస్తున్నారు. తెలంగాణ 2023లో ఇంటర్ వెయిటేజీని తొలగించి పరీక్ష మార్కులనే పరిగణిస్తున్నది. ఇతర బోర్డుల నుండి ఉత్తీర్ణులైన విద్యార్థులు ఆంధ్రప్రదేశ్‌లో తమ మార్కుల వివరాలను నిర్ణీత గడువులో స్వయంగా అందజేయనిచో ర్యాంకు రాదు. పరీక్ష బాగా రాసి కూడా ర్యాంకు కార్డు కొరకు ఎదురుచూసేవారిలో ఇటువంటివారు ఉంటున్నారు.

పరీక్ష పలు పూటలలో జరుగుతుంది కాబట్టి ఒక పూట ప్రశ్నపత్రం సులభంగా, మరొక పూట కఠినంగా ఉండవచ్చును. ఈ తేడాను సరిచేయడానికి నార్మలైజేషన్ పద్ధతిని అనుసరిస్తారు. ప్రాథమిక కీ చూసుకొని లెక్కించుకున్న మార్కులకు, ఫలితాల్లో వచ్చిన మార్కులకు తేడా ఉండడానికి కారణం ఇదే. ఫలితాలు వెలువడిన రోజున "మార్కులు తగ్గించారు" అని వచ్చే ఫిర్యాదులను వార్తగా మలిచే ముందు ఈ అంశాన్ని పరిశీలించవలసి ఉన్నది.

సన్నద్ధత

నర్సింగ్ కౌన్సిల్ తన నిబంధనల్లో సూచించిన నమూనా పరీక్ష వేరుగా ఉన్నది. అందులో నర్సింగ్ అభిరుచి, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం, ఇంగ్లిషు ఒక్కొక్కటి 20 మార్కుల చొప్పున 100 మార్కులకు ఉంటాయి. ఈ నమూనా ఆధారంగా వెలువడిన గైడ్లు బజారులో కనిపిస్తుంటాయి. ఈఏపీసెట్‌కు హాజరయ్యే విద్యార్థులకు వాటితో పనిలేదు. రెండు సంవత్సరాల ఇంటర్మీడియట్ పాఠ్యపుస్తకాలే ఈ పరీక్షకు ప్రధాన ఆధారం. పాఠ్యపుస్తకాలు మారుతున్న తరుణంలో పాత పుస్తకాలతో చదివేవారు ఆ ఏటి సిలబస్‌ను పరీక్ష వెబ్‌సైటులో చూసుకొని అందులో లేని అధ్యాయాలను విడిచిపెట్టవచ్చును.

ప్రశ్నల్లో సగం జీవశాస్త్రానివే. శ్వాసక్రియ, రక్త ప్రసరణ, విసర్జన, నాడీ వ్యవస్థ, అంతస్స్రావీ గ్రంథులు, రోగనిరోధక వ్యవస్థ, మానవ ప్రత్యుత్పత్తి, జన్యుశాస్త్రం వంటి పాఠాలు పరీక్షకే గాక కోర్సుకూ పునాది. బీఎస్సీ నర్సింగ్ మొదటి సెమిస్టర్‌లోనే అనువర్తిత శరీర నిర్మాణశాస్త్రం, శరీరధర్మశాస్త్రం పాఠ్యాంశాలుగా ఉన్నాయి. కావున ఇంటర్‌లో శ్రద్ధగా చదివిన పాఠం రెండుసార్లు పనికివస్తుంది. వృక్షశాస్త్రంలో కణ నిర్మాణం, సూక్ష్మజీవులు, అణు జీవశాస్త్రం, మొక్కల శరీరధర్మశాస్త్రం ముఖ్యమైనవి. వర్గీకరణ, కుటుంబాల లక్షణాలు వంటివి కేవలం జ్ఞాపకంపై ఆధారపడినవి కనుక పరీక్ష దగ్గర పడిన తరువాత మరొకసారి చూసుకొనడం మంచిది.

బైపీసీ విద్యార్థులలో అధిక సంఖ్యాకులు వెనుకబడేది భౌతికశాస్త్రంలో. గణితం వదిలిపెట్టాలనే బైపీసీ తీసుకున్న విద్యార్థిని భౌతికశాస్త్రంలోని లెక్కలను చూసి ఆ 40 మార్కులపై ఆశ వదులుకుంటుంది. ఇది సరైన లెక్క కాదు. జీవశాస్త్రంలో అందరూ బాగానే రాస్తారు. ర్యాంకులో తేడా వచ్చేది భౌతిక, రసాయనశాస్త్రాల వద్దనే. ప్రమాణాలు, మితులు, ఉష్ణం, ప్రవాహ విద్యుత్, కిరణ దృశాశాస్త్రం, అర్ధవాహకాలు వంటి అధ్యాయాల నుండి ఒకే సూత్రంతో తేలిపోయే ప్రశ్నలు వస్తుంటాయి. అధ్యాయానికి ఒక పుటలో సూత్రాలు, వాటి ప్రమాణాలు రాసుకొని రోజూ పది లెక్కలు సాధన చేసిన విద్యార్థినికి ఈ నలభైలో సగమైనా అందని పండు కాదు.

నర్సుకు భౌతికశాస్త్రం ఎందుకన్న ప్రశ్న తల్లిదండ్రుల నుండి తరచు ఎదురవుతుంటుంది. ఆసుపత్రి వార్డులో దీనికి సమాధానం ఉన్నది. రోగికి 500 మిల్లీలీటర్ల సెలైన్‌ను 4 గంటల్లో ఎక్కించాలని వైద్యులు రాస్తారు. సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలు ఇచ్చేదైతే మొత్తం 10,000 చుక్కలు 240 నిమిషాల్లో పడాలి. అనగా నిమిషానికి సుమారు 42 చుక్కలు. ఈ లెక్క వార్డులో, రోగి పక్కన నిలబడి వేయవలసినది. రక్తపోటు 120 అంటే 120 మిల్లీమీటర్ల పాదరసం. పాదరసం సాంద్రత నీటికి 13.6 రెట్లు గనుక ఆ పీడనం సుమారు 163 సెంటీమీటర్ల ఎత్తు నీటి స్తంభానికి సమానం. సిరలలోని పీడనం ధమనులలో కంటే ఎంతో తక్కువ. అందుకే స్టాండుకు ఎత్తుగా కట్టిన సీసా నుండి ద్రవం సిరలోకి దిగుతుంది, సీసాను మంచం కంటే కిందికి దించితే రక్తమే గొట్టంలోకి వెనక్కి వస్తుంది. నార్మల్ సెలైన్ అనేది 0.9 శాతం ఉప్పు ద్రావణం, లీటరుకు 9 గ్రాములు. రసాయనశాస్త్రంలో ద్రావణాల అధ్యాయం చదివిన విద్యార్థినికి ఇది కొత్త కాదు. జూనియర్ కళాశాలల అధ్యాపకులు ఇటువంటి ఉదాహరణలతో బోధించినచో బైపీసీ విద్యార్థులకు ఈ శాస్త్రాలపై బెరుకు కొంతైనా తగ్గగలదు.

తెలుగు మాధ్యమ విద్యార్థులు

తెలుగు మాధ్యమంలో చదివినవారికి పరీక్షలో ఇబ్బంది లేదు. ప్రశ్న రెండు భాషల్లోనూ తెరపై కనిపిస్తుంది. అయినప్పటికీ అనువాదంలో సందిగ్ధత కలిగినప్పుడు ఇంగ్లిషు ప్రశ్నను కూడా చదివి నిర్ణయించుకొనడం క్షేమం. ఇందుకు పారిభాషిక పదాలను రెండు భాషల్లోనూ తెలుసుకొని ఉండాలి. కిరణజన్య సంయోగక్రియ అంటే ఫొటోసింథసిస్ అని, వృక్కం అంటే కిడ్నీ అని, పటలం అంటే కిడ్నీ వాపు కాదు, పొర అని తెలిసి ఉన్నవారికి తడబాటు ఉండదు. సన్నద్ధత మొదలుపెట్టిన నాటి నుండే రోజుకు పది పదాల చొప్పున నోటుపుస్తకంలో రాసుకుంటే మూడు నెలల్లో తొమ్మిది వందల పదాలవుతాయి.

అసలు ఇబ్బంది కోర్సులో చేరిన తరువాత మొదలవుతుంది. బీఎస్సీ నర్సింగ్ బోధన ఇంగ్లిషులో జరుగుతుంది. కేస్‌షీట్లు, మందుల పేర్లు, వైద్యుల సూచనలు అన్నీ ఇంగ్లిషులోనే. మొదటి సెమిస్టర్‌లో కమ్యూనికేటివ్ ఇంగ్లిష్ ఒక పాఠ్యాంశంగా చేర్చబడినప్పటికీ, పరీక్షకు, తరగతుల ప్రారంభానికి మధ్య లభించే నెలల వ్యవధిని ఇందుకు వినియోగించుకున్నవారు మిగిలినవారి కంటే ముందుంటారు.

కంప్యూటర్‌పై సాధన

మౌసు పట్టుకోవడం కొత్త అయిన విద్యార్థినికి పరీక్ష నాడు మొదటి అరగంట భయంతోనే గడిచిపోతుంది. పరీక్ష వెబ్‌సైటులో ఉచితంగా లభించే నమూనా పరీక్షలను కనీసం నాలుగైదుసార్లు పూర్తి మూడు గంటలు కూర్చొని రాయడం వల్ల ఈ భయం తొలగుతుంది. ఇంట్లో కంప్యూటర్ లేనివారికి కళాశాల ల్యాబ్‌ను వేసవిలో కొన్ని గంటలు తెరిచి ఉంచగలిగితే అది ఏ కోచింగ్‌కూ తీసిపోని సహాయం. దీనికి ప్రత్యేక నిధులు అవసరం లేదు, బాధ్యత తీసుకొనే ఒక అధ్యాపకుడు ఉంటే చాలు.

తెరపై కుడివైపు ప్రశ్నల సంఖ్యలు రంగుల్లో కనిపిస్తాయి. సమాధానం ఇచ్చినవి, ఇవ్వనివి, మళ్లీ చూడవలసినవిగా గుర్తించినవి వేర్వేరు రంగుల్లో ఉంటాయి. సమాధానాన్ని ఎంచుకొని "సేవ్ అండ్ నెక్స్ట్" నొక్కకుండా ముందుకు పోయినచో ఆ సమాధానం నమోదు కాదు. సమయం ముగియగానే పరీక్ష దానంతట అదే ముగుస్తుంది.

180 నిమిషాల్లో 160 ప్రశ్నలంటే ప్రశ్నకు 67 సెకన్లు. ఈ సగటును పట్టుకొని అన్ని ప్రశ్నలకూ సమానంగా సమయం కేటాయించడం పొరపాటు. జీవశాస్త్రం 80 ప్రశ్నలను 50 నిమిషాల్లో ముగించగలిగితే మిగిలిన 80 ప్రశ్నలకు 130 నిమిషాలు, అనగా ప్రశ్నకు నిమిషంన్నరకు పైగా మిగులుతుంది. మార్కుల కోత లేనందున ఏ ఒక్క ప్రశ్ననూ వదిలిపెట్టరాదు. చివరి పది నిమిషాలు మిగిలిన ప్రశ్నలన్నింటికీ ఏదో ఒక సమాధానం గుర్తించడానికే కేటాయించుకొనవలెను.

ఇతర పరీక్షలు

ఇదే సూత్రం అన్ని పరీక్షలకూ వర్తించదు. ఎయిమ్స్ బీఎస్సీ ఆనర్స్ నర్సింగ్ ప్రవేశ పరీక్షలో రెండు గంటల్లో 100 ప్రశ్నలు ఉంటాయి. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు 30 చొప్పున, జనరల్ నాలెడ్జ్ 10. ప్రతి తప్పుకు మూడవ వంతు మార్కు కోత. నాలుగు సమాధానాల్లో గుడ్డిగా ఒకటి గుర్తించినప్పుడు సగటున లాభనష్టాలు సమానమవుతాయి. ఒక్క సమాధానమైనా తప్పని నిశ్చయంగా తెలిసినప్పుడు మిగిలిన మూడింటిలో ఒకటి గుర్తించడం సగటున లాభదాయకం. ఈ కోర్సు యువతులకే పరిమితం. అర్హత 55 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం. ఎయిమ్స్ దరఖాస్తు రెండు దశల్లో ఉంటుందని, ప్రాథమిక రిజిస్ట్రేషన్ గడువు దాటినవారు తుది దరఖాస్తు చేయలేరని గమనించవలెను.

సైనిక నర్సింగ్ సర్వీసులో చేరదలచిన యువతులకు పుణె, కోల్‌కతా, ముంబయి, ఢిల్లీ, లక్నో, బెంగళూరులలోని ఆరు సైనిక నర్సింగ్ కళాశాలల్లో మొత్తం 220 సీట్లున్నాయి. 2022 నుండి ఇందుకు నీట్ రాయడం తప్పనిసరి. ఆ స్కోరు ఆధారంగా ఎంపికైనవారికి తెలివితేటలు, ఇంగ్లిషు పరీక్ష, ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష ఉంటాయి. నీట్ ఎంబీబీఎస్ ఆశావహులకే అని తలచి దరఖాస్తు చేయనివారు ఈ అవకాశాన్ని కోల్పోతున్నారు.

దరఖాస్తు

పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ పదవ తరగతి మెమోలో ఉన్నట్లే అక్షరం పొల్లుపోకుండా నింపాలి. పత్రికలకు అంతగా కనబడని ఒక సమస్యను ఇక్కడ ప్రస్తావించవలసి ఉన్నది. ఇంటర్నెట్ కేంద్రంలో దరఖాస్తు నింపించుకొనే కుటుంబాలు చాలాసార్లు ఆ నిర్వాహకుని మొబైల్ నెంబరునే ఇస్తున్నాయి. హాల్‌టికెట్ సమాచారం, ఓటీపీలు, తరువాత కౌన్సెలింగ్ సందేశాలు అన్నీ అతనికే వెళతాయి. అతడు దుకాణం మార్చినా, నెంబరు మార్చినా విద్యార్థినికి ఏ కబురూ అందదు. ఇంట్లో స్థిరంగా ఉండే నెంబరునే ఇవ్వాలని ప్రిన్సిపాళ్లు తరగతిలో చెప్పవలసి ఉన్నది. దరఖాస్తు ప్రతిని, చెల్లింపు రసీదును ముద్రించి దాచుకొనవలెను.

కుల, ఆదాయ, ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రాలకు ఫలితాల తరువాత పరుగులు తీయడం ఆనవాయితీగా మారినది. ఆ వారాల్లో తహశీల్దారు కార్యాలయాలపై ఒత్తిడి సహజంగానే పెరుగుతుంది. ఈ ధ్రువపత్రాలకు వేసవికి ముందే దరఖాస్తు చేసుకొనేటట్లు కళాశాలల స్థాయిలో ప్రోత్సహించినచో విద్యార్థులకు, రెవెన్యూ సిబ్బందికి కూడా సౌలభ్యం. ఆదాయ, ఈడబ్ల్యూఎస్ పత్రాలకు కాలపరిమితి ఉన్నందున మరీ పాతవి పనికిరావు. ఆరవ తరగతి నుండి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు స్థానికతను నిర్ణయిస్తాయి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించినది. ఆ తరువాత రెండు రాష్ట్రాల్లో స్థానికత నిబంధనల్లో మార్పులు వచ్చినందున పొరుగు రాష్ట్రంలో కొంతకాలం చదివినవారు ఆ ఏటి నిబంధనలను జాగ్రత్తగా చదవవలసి ఉంటుంది.

పరీక్ష రోజు

నిమిషం ఆలస్యమైనా అనుమతించరన్న నిబంధన ఏటా వార్తలకెక్కుతున్నది. గేటు వద్ద ఏడుస్తున్న విద్యార్థిని ఛాయాచిత్రం మరునాటి పత్రికలో వస్తుంది. అదే పత్రిక పరీక్షకు వారం ముందు కేంద్రాల చిరునామాలు, బస్సు మార్గాలు ప్రచురించినచో అటువంటి ఛాయాచిత్రాల అవసరం తగ్గుతుంది. పరీక్షా కేంద్రాలు చాలావరకు నగర శివార్లలోని ఇంజినీరింగ్ కళాశాలల్లో ఉంటాయి. ఒకే యాజమాన్యం కింద ఒకే పేరుతో రెండు, మూడు కళాశాలలు ఉండే చోట్ల వేరే ప్రాంగణానికి వెళ్లిపోయినవారూ ఉంటున్నారు. వీలైనంతవరకు ముందురోజే కేంద్రాన్ని చూసిరావడం మంచిది. పాడేరు వంటి ఏజెన్సీ ప్రాంతం నుండి ఘాట్ రోడ్డు దిగి విశాఖపట్నంలో ఉదయం పూట పరీక్షకు హాజరుకావలసినవారు ముందురోజు బయలుదేరడం తప్పదు. రాత్రి బసకు సంక్షేమ వసతి గృహాల్లో ఏర్పాటు చేయగలిగితే ఆడపిల్లల తల్లిదండ్రులకు అది గొప్ప ఊరట.

హాల్‌టికెట్, ఫొటో అతికించిన దరఖాస్తు ప్రతి, గుర్తింపు కార్డు, బాల్‌పెన్ను వెంట తీసుకువెళ్లాలి. సెల్‌ఫోన్, చేతి గడియారం, కాలిక్యులేటర్ అనుమతించరు. లోపల వేలిముద్ర, ఫొటో తీసుకుంటారు. ఇది పెళ్లిళ్ల కాలం. గోరింటాకు పెట్టుకున్న వేళ్లకు ముద్ర సరిగా పడక ఇబ్బంది ఎదురయ్యే అవకాశం ఉన్నందున పరీక్ష ముగిసేవరకు చేతులకు గోరింటాకు, సిరా లేకుండా చూసుకొనవలెను.

ర్యాంకు వచ్చిన తరువాత

పరీక్ష కంటే ఎక్కువమంది అవకాశం కోల్పోయేది ఈ దశలోనే అనవచ్చును. ఈఏపీసెట్ ర్యాంకు వచ్చినంత మాత్రాన అభ్యర్థి పేరు నర్సింగ్ ప్రవేశాల జాబితాలో దానంతట అదే చేరదు. ఇంజినీరింగ్, ఫార్మసీ సీట్లకు జరిగే కౌన్సెలింగ్‌లో నర్సింగ్ ఉండదు. నర్సింగ్ సీట్ల భర్తీకి ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం విడిగా నోటిఫికేషన్ వెలువరిస్తాయి. ఆ నోటిఫికేషన్‌కు మరల ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, రుసుము చెల్లించి, ధ్రువపత్రాలు అప్‌లోడ్ చేయవలెను. ఇది ఈఏపీసెట్ ఫలితాల తరువాత కొన్ని వారాలకో, నెలలకో రావచ్చును. ఈ ఎడబాటులో చాలామంది ఏదో ఒక డిగ్రీ కళాశాలలో చేరి అసలు ధ్రువపత్రాలు అక్కడ ఇచ్చివేస్తున్నారు. సీటు వచ్చిన తరువాత వాటిని వెనక్కి తెచ్చుకొనడం వేరే ప్రయాస.

ధ్రువపత్రాల పరిశీలన పిదప తుది ప్రాధాన్యక్రమ జాబితా వెలువడుతుంది. తరువాత వెబ్ ఆప్షన్లు. ఈ ర్యాంకుకు ఈ కళాశాల రాదులే అని ముందుగానే తీసివేయడం కంటే, నిజంగా చేరదలచిన క్రమంలోనే కళాశాలలను వరుసగా పెట్టడం సరైన పద్ధతి. ఎంపిక ర్యాంకును బట్టి జరుగుతుంది, ఆప్షన్ల సంఖ్య ఎక్కువైనందువల్ల నష్టం లేదు. అయితే చేరే ఉద్దేశం లేని కళాశాలను జాబితాలో పెట్టరాదు.

కళాశాలను ఎంచుకొనేటప్పుడు భవనం కంటే ఆసుపత్రిని చూడాలి. నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం నర్సింగ్ కళాశాలకు కనీసం 100 పడకల మాతృ ఆసుపత్రి ఉండాలి. వార్డు శిక్షణలో ప్రతి విద్యార్థికి ముగ్గురు రోగులు ఉండునట్లు నిష్పత్తి సూచించబడినది. పడకలు కాగితంపైనే ఉండి రోగులు లేని ఆసుపత్రిలో శిక్షణ పొందిన విద్యార్థిని ఇంజెక్షన్ చేయడం బొమ్మపైనే నేర్చుకొని బయటకు వస్తుంది. కౌన్సిల్ వెబ్‌సైటులోని కళాశాలల జాబితాలోను, రాష్ట్ర ప్రభుత్వ అనుమతి పొందిన జాబితాలోను, విశ్వవిద్యాలయ అనుబంధ జాబితాలోను కళాశాల పేరు ఉన్నదా అన్నది ఆ ఏటికి సరిచూసుకొనవలెను. "పరీక్ష అవసరం లేదు, నేరుగా సీటు" అని ప్రకటనలిచ్చే సంస్థల విషయంలో ఈ పరిశీలన మరింత ముఖ్యం. గుర్తింపు లేని సంస్థ ఇచ్చే పత్రంతో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదు కాదు. నమోదు లేనివారు నర్సుగా పనిచేయడానికి వీలులేదు. అటువంటి ప్రకటనలను ప్రచురించే ముందు పత్రికలు కూడా ఈ జాబితాలను చూడగలిగితే ఎన్నో కుటుంబాల సొమ్ము నిలుస్తుంది.

సీటు కేటాయింపు ఉత్తర్వును డౌన్‌లోడ్ చేసుకొని, విశ్వవిద్యాలయ రుసుము చెల్లించి, అందులో పేర్కొన్న గడువులోగా అసలు ధ్రువపత్రాలతో కళాశాలలో రిపోర్టు చేయవలెను. గడువు దాటినచో సీటు రద్దవుతుంది. ఆ సీటు తదుపరి విడతలో వేరొకరికి కేటాయించబడుతుంది.